ఎర్రయ్య పక్కా ఫైనల్

గున్నమ్మ గోడ మీంచి చింపుకొచ్చిన పోస్టరును గాజు బల్ల మీద పరిచింది. దాని వెనక సున్నం పెచ్చులు అంటుకుని ఉన్నాయి.

"ఈడెవుడు బాబూ?" అంది.

గోవిందరావు అప్పుడే స్టూడియో షట్టరు ఎత్తాడు. అగరొత్తి ఇంకా చేతిలోనే ఉంది. "అదేటత్తా, మావయ్యే కదా."

"మీ మావయ్యా? కోటేసుకుని, పాలల్లో ముంచి తీసినట్టున్న ఈ దొరబాబు మీ మావయ్యా? యాభై ఏళ్లు కాపరం సేసేను. నాకే తెల్దు ఈడెవుడో. బస్టాండులో ఒడియావోడికేటి తెలుస్తాది?"

ఆమె వెనక కొడుకు తిరుమలరావు తల వంచుకుని నిలబడ్డాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు, నిద్రపోలేదు.

ఎర్రయ్య సోమవారం తప్పిపోయాడు. డెబ్భై రెండేళ్ల మనిషి, గుణుపురం దగ్గర పల్లెలో రైతు. ఏడాదిగా మతిమరుపు. భోంచేసి చెయ్యి కడుక్కుని, వెంటనే మళ్లీ కంచం ముందు కూర్చునేవాడు. కంటి ఆపరేషనుకని, సునాబెడ ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు రాయగడ తీసుకొచ్చాడు. ఆసుపత్రిలో చీటీ కోసం వరసలో నిలబడి వెనక్కి తిరిగేసరికి బెంచీ ఖాళీ. ఒంటి మీద పంచె, పల్చటి చొక్కా. డిసెంబరు నెల. రాయగడలో ఏదో మూల ముడుచుకుని తెల్లవార్చవచ్చు. కొండెక్కి కొరాపుట్ వైపు పోయాడా, అక్కడి చలికి కుర్రాళ్లే కొంకర్లు పోతారు. గురువారం పొద్దుటికి మూడు రాత్రులు గడిచాయి. పోలీసు స్టేషనులో కాగితం రాసిచ్చారు, ఊరంతా పోస్టర్లు అంటించారు, ఇంటి దారి పట్టాడేమోనని రెండు రోజులు గుణుపురం రోడ్డంతా వెతికారు. ఒక్క ఫోను రాలేదు.

ఎందుకు రాలేదో గోవిందరావుకి ఇప్పుడు తెలిసింది. తెలిసి, అగరొత్తిని ఏ దేవుడి పటానికి గుచ్చాలో తోచక గల్లాపెట్టె పగుల్లో గుచ్చాడు.

సోమవారం సాయంత్రం తిరుమలరావు పరుగెత్తుకొచ్చి "బావా, నాన్న ఫోటో, నూటయాభై పోస్టర్లు" అన్నప్పుడు అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎర్రయ్య కూతురు శాంతిప్రియ పెళ్లికి ఫోటోలు తీసింది తనే. కంప్యూటర్లో ఫోల్డరు తెరిచాడు. 'ఎర్రయ్య పక్కా ఫైనల్' అనే ఫైలు ఉంది. పెద్ద సైజులో సిద్ధంగా ఉంది. దాన్నే ప్రింటు కొట్టాడు. తిరుమలరావూ చూశాడు, బాగుందన్నాడు. నిజంగానే బాగుంది. అదే దాని రోగం.

గోవిందరావు పేరే ఆ పని మీద నిలబడింది. పదిహేడేళ్లప్పుడు పార్వతీపురంలో ఒక స్టూడియోలో చేరాడు. ఫిల్ము రోజులు. నెగెటివు మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు పూడ్చడం అక్కడే నేర్చుకున్నాడు. తరవాత రాయగడలో సొంత కొట్టు పెట్టాడు, కంప్యూటరొచ్చింది. పెన్సిలుతో గంట పట్టేది ఇప్పుడు ఒక బటను. నాలుగు పనులు వరసగా జరిగేలా ఫోటోషాపులో ఏర్పాటు చేసుకుని దానికి 'తెలుపు' అని పేరు పెట్టాడు. నొక్కితే చాలు: ముడతలు పోతాయి, రంగు తేలుతుంది, కళ్లు మెరుస్తాయి. గుణుపురం నుంచి కాశీపూర్ దాకా పెళ్లిళ్లవాళ్లు అతని కోసమే వచ్చేవాళ్లు. "ఆడు తీస్తే బొగ్గుబస్తా కూడా బియ్యంబస్తాలాగుంటాది" అని జనం నవ్వుకునేవాళ్లు. అతనూ నవ్వేవాడు. నల్లవాణ్ణి నల్లగా చూపించే ఫోటోగ్రాఫరుకి ఇక్కడ రెండో పెళ్లి బేరం రాదు. కావాలంటే తీసి చూడండి.

"అసల్ది తియ్యి," అంది గున్నమ్మ.

గోవిందరావు ఫోల్డరు తెరిచాడు. ఎర్రయ్య పేరుతో ఏడు ఫైళ్లు. ఫైనల్. ఫైనల్ కొత్తది. కోటు. కోటు రెండు. ఫ్రేముకి. అమ్మాయి చెప్పినట్టు. పక్కా ఫైనల్. ఒక్కొక్కటీ తెరిచాడు. ఏడింటిలోనూ అదే తెల్లటి, నున్నటి మొహం. కిందకి పోతూ తారీఖులు చూశాడు. అన్నిటికన్నా పాతది తెరిచి, మొహం తెర నిండేదాకా పెద్దది చేసి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"ఏటి?" అన్నాడు తిరుమలరావు.

"నేదు బావా."

"నేదంటే?"

"తీసిన ఫోటో మీదే తెలుపు నొక్కి, దాని మీదే సేవ్ కొట్టేసేను. ఎప్పుడూ అలాగే కొడతాను. వేరే పేరు పెట్టి దాసుకుంటే డిస్కు నిండిపోతాదని. కెమెరా కార్డు ఆ వారమే ఇంకో పెళ్లికి వాడేసేను."

తెల్లదనం ఒక్కటే అయితే ఏదో చెయ్యొచ్చు. ఎడమ చెవి సంగతి ఉంది. చిన్నప్పుడు ఇప్పపూలు ఏరుతుంటే గుడ్డెలుగు మీదపడి ఎర్రయ్య చెవి సగం కొరికేసింది, చెంప మీద చెయ్యంత గాటు పెట్టింది. ఆ చెవి చూస్తే చాలు, సంతలో ఎవరైనా ఆయన్ని మైలు దూరం నుంచి గుర్తుపడతారు. ఆల్బమ్ కట్టే ముందు శాంతిప్రియ ఫోన్ చేసి, "బావా, ఆల్బమ్ అత్తోరింట్లో అందరూ సూస్తారు, నాన్న సెవి కొంచెం సరిసెయ్యవా" అంది. గోవిందరావు కుడి చెవిని కత్తిరించి, అద్దంలోలాగ తిప్పి, ఎడమవైపు అతికించాడు. అతుకు కనిపించలేదు. ఆ రోజు తన పనికి తనే మురిసిపోయి టీ తెప్పించుకుని తాగాడు.

"ఎంత బాగా సేసేవురా," అంది గున్నమ్మ తెర వైపు చూస్తూ. పొగడ్త కాదది. "గుడ్డెలుగు కూడా ఇంత సక్కగా పీకనేదు."

ఆమె దగ్గర వేరే ఫోటో లేదు. ఆధార్ కార్డును ఎర్రయ్య ఎప్పుడో పోగొట్టుకున్నాడు. తిరుమలరావు ఫోన్లో ఉన్నవన్నీ ఆల్బమ్ నుంచి దిగినవే. గోవిందరావు పెళ్లి ఫోల్డరంతా పై నుంచి కిందకి లాగడం మొదలుపెట్టాడు. పదకొండు వందల ఫోటోలు. తలంబ్రాలు, అప్పగింతలు, బంధువుల వరసలు. ఎక్కడ ఎర్రయ్య ముందున్నాడో అక్కడ తెల్లగా, రెండు చెవులతో ఉన్నాడు. పావుగంట. అరగంట. బయట కొరాపుట్ బస్సు హారను కొడుతూ వెళ్లిపోయింది.

భోజనాల ఫోటోలో అతని చెయ్యి ఆగింది. ముందు వరసలో పెళ్లికొడుకు తరపు పెద్దలు, అందరూ పాలరాయిలాంటి మొహాలతో. వాళ్ల వెనక, పందిరి గుంజ పక్కన, ఎవరో వంగుని నీళ్ల బిందె దించుతున్నాడు. పక్కకి తిరిగిన మొహం, బొటనవేలంత. గోవిందరావు దాన్ని పెద్దది చేశాడు. సగం చెవి. గాటు. మట్టిరంగు.

ఫోటోలో ముందున్నవాళ్లనే జనం తెల్లగా చెయ్యమంటారు. బిందెలు మోసేవాళ్ల గురించి ఎవరూ అడగరు. అందుకే ఆ వరస దాకా అతని బటను పోలేదు.

"అదిగో," అంది గున్నమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ బొమ్మను అలాగే ప్రింటు చేస్తే చుక్కలు చుక్కలుగా విచ్చిపోతుంది. మొహం నేరుగా కనిపించదు. గోవిందరావు పక్కా ఫైనల్‌ని ఒకవైపు, బిందె మనిషిని ఒకవైపు పెట్టుకుని పని మొదలుపెట్టాడు. ఈసారి వేరే పేరు పెట్టాడు: ఒకటి. అక్కణ్ణుంచి చెవి, ఇక్కణ్ణుంచి కళ్లు. గున్నమ్మను పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టుకున్నాడు.

"నలుపు సాలదు. ఇంకా."

"ఇంతేనా?"

"ఇంకా. మీ మావయ్య పొలంలో పుట్టేడు, కొట్లో కాదు. బుగ్గ లోపలికెట్టు. పై పళ్లు రెండు నేవు, పెదవి నొక్కుకుపోయుంటాది. గాటు అంత సన్నం కాదు బాబూ, నా సిటికినేలంత మందం."

రెండు. మూడు. నాలుగు. నచ్చనిదాన్ని చెరపకుండా పక్కన పెట్టి, దాని నుంచి ఇంకోటి తీస్తూ పోయాడు. ముప్పై ఏళ్లుగా అతని వేళ్లకి ముడత కనపడితే పూడ్చడమే అలవాటు. ఇప్పుడు ముడతలు గీస్తుంటే చెయ్యి మొరాయించింది. ఐదోదానికి నాలుగు రోజుల తెల్ల గడ్డం పెట్టాడు. ఆరోదానికి తలకి తువ్వాలు చుట్టాడు, చెవి కనపడేలా.

తిరుమలరావు అప్పటిదాకా గుమ్మంలోనే ఉన్నాడు. లోపలికొచ్చి తెర చూసి, "ఇది వద్దు బావా" అన్నాడు.

"ఎందుకు?"

"ముష్టోడిలాగున్నాడు. ఇది నాను మా ఫ్యాక్టరీ గ్రూపులో పెట్టాల. సునాబెడ కోటర్సంతా సూస్తారు. మా సూపర్వైజరు సూస్తాడు. తండ్రినిలాగా వొగ్గీసేడు అంటారు. గడ్డం తీసీ. కోటక్కర్లేదు, మంచి సొక్కా ఒకటెయ్యి."

గోవిందరావు చెయ్యి మౌసు మీద ఆగింది. మామూలు రోజైతే బేరగాడు చెప్పిందే వేదం. గున్నమ్మ స్టూలు మీంచి లేవకుండానే కొడుకు వైపు తిరిగింది.

"నీ పరువుకి సలెయ్యదురా. మీ అయ్యకేస్తాది."

తిరుమలరావు బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. గోవిందరావు ఆరోదాన్ని ప్రింటుకి పంపాడు.

మొదటి కాగితం బయటికొచ్చింది. ఎర్రయ్య మళ్లీ తెల్లగా ఉన్నాడు.

తిరుమలరావు మెట్ల మీంచి లేచొచ్చాడు. ముగ్గురూ కాగితాన్ని చూశారు, తెరను చూశారు. తెర మీద నల్లగా, కాగితం మీద చామనఛాయ కూడా కాదు. గోవిందరావు ఇంకో కాగితం తీశాడు, అదే వరస. ఇంకు చూశాడు, నిండుగా ఉంది. కేబులు పీకి పెట్టాడు. పది నిమిషాలు పోయాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఈ ప్రింటరు కొన్నరోజే దాని సెట్టింగులోకి వెళ్లి, ఏది పంపినా ఒక మెట్టు తేటగా కొట్టమని తనే పెట్టాడు. ఐదేళ్లయింది, మర్చేపోయాడు. ఫైలు మారినా యంత్రం తన పాఠం అప్పజెబుతూనే ఉంది. ఆ మెట్టు తీసేసి మళ్లీ కొట్టాడు.

గున్నమ్మ మూడో కాగితాన్ని రెండు చేతుల్తో అందుకుంది. చెవి దగ్గర వేలుతో తడిమింది. వేలికి ఇంకు అంటింది. "ఇది మావోడు" అంది.

యాభై కాగితాలు పట్టుకుని బస్టాండుకి నడిచారు. మొదటి గోడ మనోరంజన్ టీకొట్టుది. కోటు వేసుకున్న ఎర్రయ్య సోమవారం నుంచి ఆ గోడ మీద చిరునవ్వు నవ్వుతున్నాడు. గోవిందరావు దాన్ని పీకి కొత్తది అంటిస్తుంటే, మనోరంజన్ గరిటె చేతిలో పట్టుకుని బయటికొచ్చాడు. ఒడియావాడు, తెలుగు వాడుకకి సరిపడా వచ్చు.

"గోవింద భాయ్, ఈ బుడా, ఈ ముసలాయన బొమ్మ ఎందుకు ఇక్కడ?"

"ఈయన్ని చూసేవా?"

"చూడ్డం ఏంటి. రెండు రోజులు నా బెంచీ మీదే కూర్చున్నాడు. ఇక్కడే, ఈ గోడకి వీపు ఆనించి. నేనే టీ ఇచ్చాను, బన్ను ఇచ్చాను."

పీకిన పోస్టరు గోవిందరావు చేతిలో నలిగింది. మనిషి ఆ కాగితం కిందే రెండు రోజులు కూర్చున్నాడు.

"ఇప్పుడెక్కడ?" అన్నాడు తిరుమలరావు.

"నిన్న సాయంత్రం బస్సు ఎక్కించాను. సునాబెడ, సునాబెడ అంటాడు. కొడుకు అక్కడ ఉన్నాడంట. పాపం అనిపించింది. కండక్టరుకి టికెట్టు డబ్బు నేనే ఇచ్చాను." మనోరంజన్ ముగ్గురి మొహాలూ చూసి గరిటె దించాడు. "తప్పు చేశానా?"

"నువ్వు కాదు," అన్నాడు గోవిందరావు.

తిరుమలరావు అప్పటికే క్వార్టర్సుకి ఫోన్ చేస్తున్నాడు. భార్య ఎత్తింది. మావయ్య రాలేదు, రాత్రి ఎవరూ తలుపు కొట్టలేదు. అంటే దారిలో ఎక్కడో దిగాడు. రాత్రంతా కొండ మీద ఉన్నాడు, ఆ చొక్కాతో.

ఒక బొలేరో మాట్లాడుకుని బయల్దేరారు. ఎక్కీ ఎక్కగానే తిరుమలరావు ఆరో బొమ్మను ఫ్యాక్టరీ గ్రూపులో పెట్టాడు. ఈసారి అందులో ఏదీ సరిచెయ్యమనలేదు. గోవిందరావు తనకి తెలిసిన స్టూడియోలకి, బస్సువాళ్లకి, లారీవాళ్లకి పంపాడు. పంపుతూ ఒక ముక్క రాశాడు: పాత ఫోటో తప్పు, దయచేసి ఇది చూడండి.

ఘాట్ రోడ్డెక్కాక సిగ్నలు పోయింది. లక్ష్మీపూర్ దాటాక వచ్చింది, ఫోను గిలగిల కొట్టుకుంది. సందేశాలన్నీ ఒకేసారి దిగాయి. పాత పోస్టరును జనం ఇంకా పంపుకుంటూనే ఉన్నారు. మూడు రోజుల క్రితం వదిలింది ఇప్పుడు వేగం పుంజుకుంది. కొత్తది ఒకరు పంపితే, దాని కిందే ఇంకొకరు పాతది పెట్టి, 'అయ్యో, దొరకాలి' అని చేతులు జోడించారు. 'ఇద్దరు తప్పిపోయారా?' అని ఒకరు. 'ఏది నిజం?' అని ఒకరు. గోవిందరావు ఒక్కొక్కరికీ జవాబు కొట్టాడు. వేలు నొప్పెట్టింది. తను వదిలిన తెల్లటి ఎర్రయ్య తన వేలికన్నా ముందు పరిగెడుతున్నాడు.

కొరాపుట్లో బొలేరో ఆగింది. దారి ఇక్కడ చీలుతుంది. జైపూర్ ఒకవైపు, సెమిలిగుడ ఇంకోవైపు. రెండు వైపుల నుంచీ కబురొచ్చింది. జైపూర్ నుంచి వచ్చిన ఫోటోలో ఒక పెద్దాయన పార్కు బెంచీ మీద కోటు వేసుకుని కూర్చున్నాడు. పోస్టరుకి అచ్చు గుద్దినట్టున్నాడు. సెమిలిగుడలో టైర్ల కొట్టు పెట్టుకున్న పింటు అనే అతను ఇంకోటి పంపాడు: పాత టైర్ల పక్కన గోనెపట్టా కప్పుకుని ఎవరో ముసలాయన. అయితే ఆ ఫోను దిక్కుమాలిన ఫోను. ఏ మొహం తీసినా దానంతట అదే నునుపు చేస్తుంది. ముడత లేదు, గాటు లేదు. గోనె చెవుల మీదికి ఉంది.

గోవిందరావు దాన్ని ఎంత పెద్దది చేసినా లాభం లేకపోయింది. తన బటనునే ఎవరో ఆ ఫోన్లో పెట్టి తన మీదకి పంపినట్టుంది. డ్రైవరు ఇంజను ఆపకుండా "ఎటు?" అన్నాడు. పొద్దు వాలితే చలి దిగుతుంది. ఒకచోటికి వెళ్లి రెండోచోటికి రావడానికి వేళ లేదు.

"మొకం ఎందుకు సూస్తావు," అంది గున్నమ్మ. ఫోను లాక్కుంది. "సేతులు సూడు. గ్లాసు ఒళ్లో ఎట్టుకుని రెండు సేతుల్తోటి మూసీసేడు. ఈగ పడతాదని. సలికాలంలో ఈగలేటయ్యా అంటే ఇనడు." ఫోను తిరిగిచ్చింది. "సెమిలిగుడ పోనీ."

మూడున్నరకి చేరారు. రోడ్డు పక్క టైర్ల కొట్టు, ముందు రెండు లారీలు. పింటు గట్టి మనిషి, చేతులు మోచేతుల దాకా నలుపు. వాళ్లను చూడగానే దారికి అడ్డంగా నిలబడి ఫోను తీశాడు.

"మీ ముసలాయన ఎవరు? ఈయనా, ఈయనా?" ఫోన్లో పాత పోస్టరు, కొత్త పోస్టరు పక్కపక్కన. "రెండు మొహాలు, ఒకటే నంబరు. నేను అప్పుడే అనుకున్నాను, ఇందులో ఏదో తేడా ఉందని. ముసలోళ్ల వేలిముద్రలు వేయించుకుని భూములు లాక్కునేవాళ్లు తిరుగుతున్నారు ఇక్కడ. పోలీసులు వచ్చాకే అప్పజెబుతాను."

"ఆయన మా నాన్న," అన్నాడు తిరుమలరావు.

"అయితే నాన్న మొహం ఏదో చెప్పు."

"రెండూ ఆయనే," అన్నాడు గోవిందరావు.

"కోటాయనకి రెండు చెవులున్నాయి."

గోవిందరావు జేబులోంచి తన ఫోను తీశాడు. లారీ దగ్గర నిలబడ్డ నలుగురు డ్రైవర్లు కూడా దగ్గరికొచ్చారు. ముప్పై ఏళ్లలో అతను ఏ బేరగాడికీ చూపించని వస్తువులు అవి. పక్కా ఫైనల్ చూపించాడు. వెనక్కి జరిపి బిందె మోసే మనిషిని చూపించాడు. ఒకటి, రెండు, మూడు, ఆరు దాకా వరసగా జరిపాడు.

"ఆ చెవి నేను పెట్టేను. కోటు నేను తొడిగేను. రంగు నేను పూసేను. దాన్నే పోస్టరెయ్యడం నా తప్పు. ఈయన మూడు రాత్రులు చలిలో ఉండడం కూడా నా తప్పే. కావాలంటే నన్నిక్కడ కూకోబెట్టుకో, వాళ్లని లోపలికి పోనీ."

పింటు ఆరో బొమ్మను మళ్లీ దగ్గరగా చూశాడు. "మా చెల్లి పెళ్లి ఫోటోల్లో మా అమ్మని నేనూ గుర్తుపట్టలేకపోయాను," అని గొణిగాడు. అయినా పక్కకి తప్పుకోలేదు. ముందు కొడుకు ఆధార్ కార్డు చూపించమన్నాడు.

గున్నమ్మ ఈ బేరం వినడం లేదు. ఆమె ఎప్పుడో టైర్ల గుట్ట చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లిపోయింది. పింటు కేకేసి వెంటపడ్డాడు, వాళ్లూ వెంటపడ్డారు.

వెనక చిన్న మంట ఉంది. చెక్క పలక మీద ఎర్రయ్య గోనె కప్పుకుని కూర్చున్నాడు. పెదాలు పగిలి నల్లబడ్డాయి, కాళ్లు వాచాయి, ఒక చెప్పు లేదు. గున్నమ్మ ఆయనకి రెండు అడుగుల దూరంలో ఆగిపోయింది. ఆయన తల ఎత్తాడు. అందరినీ ఒకలాగే చూశాడు: కొడుకుని, గోవిందరావుని, పింటుని. కొడుకు మీద కూడా ఆ చూపు నిలవలేదు.

ఆ చూపు గున్నమ్మ దగ్గరికొచ్చింది. ఎర్రయ్య గ్లాసు మీది చెయ్యి తియ్యకుండానే, పలక మీద కొంచెం పక్కకి జరిగాడు. ఒక మనిషికి సరిపడా చోటు చేశాడు.

"ఎక్కడికెల్నావే ఇంతసేపు," అన్నాడు. "కూకో. సునాబెడ బస్సు ఇంకా రానేదు."

గున్నమ్మ కూర్చుంది. పింటు ఇంకేమీ అడగలేదు. మంటలోకి రెండు పుల్లలు తోశాడు.